మూసీ ఒడ్డున ఆమె లెక్క

మళ్లీ తెరిచిన నా స్టూడియోకు మొన్న ఒకాయన పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చాడు. ఆయన తెల్ల చొక్కా వెనకున్న తెల్ల తెరలో కలిసిపోతుందని స్టూడియో కోటు తొడిగించి, జుట్టు దువ్వించి, గడ్డం కాస్త పైకెత్తించి, అన్నీ అయ్యాక బటన్ నొక్కితే కెమెరా మొరాయించింది. కార్డు నిండిపోయిందట. ఆయన్ను ఆ కోటులోనే కూర్చోబెట్టి పాత ఫోటోలు తుడిచేయడం మొదలుపెట్టాను. పెళ్లిళ్లు, బారసాలలు, బోనాలు దాటాక మూసీ ఫోటోలు వచ్చాయి. వందల కొద్దీ ఉన్నాయి. నీళ్లు, వంతెన, స్తంభాలు. మళ్లీ నీళ్లు, వంతెన, స్తంభాలు. వాటి మధ్యలో ఒకటి ఏ బొమ్మా లేకుండా మొత్తం తెల్లగా ఉంది. ఆయన నా భుజం మీదుగా తొంగి చూసి, "గిది ఖరాబైంది గదనే అన్నా, తీసెయ్ రాదు" అన్నాడు. ఇబ్రహీంపట్నంలో కస్టమర్ అరువు కోటులో ఉన్నా సరే సలహా ఇవ్వకుండా ఉండడు. నేను ఆయన మాట వినలేదు. పక్కనున్నవాటిని తీసేసి, ఆ తెల్లదాన్ని ఉంచి, ఆయన ఫోటో తీసి పంపించాను. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా పనేమీ తోచలేదు.

ఆ తెల్ల ఫోటో సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటామె లెక్క సంగతి చెప్పాలి. పెళ్లయ్యేనాటికి బస్టాండ్ దగ్గర నాది ఒక్క గది స్టూడియో. ముందు సగంలో తెర, స్టూలు, రెండు లైట్లు. వెనక సగానికి చెక్కలు అడ్డం కొట్టి చీకటి గది చేసుకున్నాను. అవి నలుపు తెలుపు రోజులు. రీలు కడగడం, కాగితం మీద వెలుతురు పడనివ్వడం, ఆ కాగితాన్ని మందు పళ్లెంలో ముంచి బొమ్మ తేలేదాకా కాచుకోవడం, అన్నీ సెకన్ల లెక్క మీద నడిచే పనులు. దానికి నా దగ్గర ఒక అలారం గడియారం ఉండేది. పెళ్లయిన రెండో నెలలోనో మూడో నెలలోనో అది మందు పళ్లెంలో పడి ఊరుకుంది. కొత్తది కొనేలోపు, అన్నం డబ్బా పట్టుకొచ్చిన మా ఇంటామె, "సెకన్లే గద, నేను లెక్కవెడ్త. దానికి గడియారమెందుకు?" అంది. ఆమెది కందుకూరు దగ్గర వ్యవసాయదారుల ఇల్లు. కల్లంలో వాళ్ల నాయన వడ్లు కొలుస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టడం చిన్నప్పటి నుంచి ఆమె పని. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆమె సెకన్లు కూడా అలాగే మొదలయ్యేవి. లాభం, రెండు, మూడు అంటూ, ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క కుంచం నిండి కుప్పలో ఒలికేంత తీరికగా లెక్కపెట్టేది. ఎర్ర బల్బు కింద ఆమె ముఖం సరిగ్గా కనిపించేది కాదు. గొంతే వినిపించేది.

ఆ గొంతుకే నా ఫోటోలన్నీ అలవాటు పడ్డాయి. పాస్‌పోర్టుకు ఎనిమిది, పెళ్లి ఫోటోకు పన్నెండు అని ఒక అట్ట మీద రాసి గోడకు అంటించాను. ఆ అట్టను నమ్ముకుని నేను పప్పులో కాలేసింది మా అమ్మాయి పుట్టినప్పుడు. ఆమె పురిటికి కందుకూరు పోయింది. నేను మా అన్న చేతి గడియారం అడిగి తెచ్చుకుని పని నడుపుకుందామనుకున్నాను. ఫోటోలన్నీ పాలిపోయి వచ్చాయి. మందు మార్చాను, కాగితం మార్చాను, బల్బు మార్చాను, గుణం కనిపించలేదు. ఒక పెళ్లివారి ఆల్బం మొత్తం అలాగే వచ్చింది. పెళ్లికొడుకు మేనమామ పట్టుకొచ్చి, "మా పిలగాడు నల్లగుంటడు గదనే, గింత తెల్లగెట్ల జేసినవ్?" అని నిలదీశాడు. పెళ్లికొడుకు మాత్రం మురిసిపోయాడు కాబట్టి గొడవ కాలేదు.

ఆఖరికి రెండు బస్సులు మారి కందుకూరు పోయాను. బిడ్డను చూడటానికి వచ్చాననుకుని మా అత్త చాప పరిచి మంచినీళ్లిచ్చింది. నేను పాపను ఒకసారి చూసి, వెంటనే చేతి గడియారం విప్పి పట్టుకుని, మా ఇంటామెను "ఇరవై దాకా లెక్కవెట్టు" అన్నాను. ఒళ్లో పాపను పెట్టుకుని ఆమె లెక్కపెట్టింది. గడియారంలో ఇరవై ఆరు సెకన్లయ్యాయి. మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ ఇరవై ఆరే. మా అత్త ముక్కున వేలేసుకుని, "పిల్లను జూడనీకె వచ్చినవా, లెక్కలు నేర్పనీకె వచ్చినవా?" అంది. తప్పు ఎక్కడుందో నేను చెప్పబోతే మా ఇంటామె ససేమిరా ఒప్పుకోలేదు. "గడియారమే ఉరుకుతున్నది. నేను మంచిగనే లెక్కవెట్టిన" అంది. నేను తిరిగొచ్చి అట్ట మీది అంకెలు మార్చాను. ఆమె పాపతో వచ్చాక మళ్లీ పాత అంకెలే రాసుకున్నాను.

ఇంతమంది ఫోటోలకు లెక్కపెట్టిన మా ఇంటామెకు సొంతంగా చెప్పుకోదగ్గ ఫోటో లేదు. నేను తీయలేదని కాదు. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. ముప్పై నాలుగో ముప్పై ఐదో అయ్యాక కస్టమర్ తొందరపెడితే, మిగిలినదాన్ని ఉత్తగా పోనివ్వడం ఇష్టంలేక ఆమెను పిలిచేవాణ్ని. అప్పటికి ఆమె చీకటి గదిలో ఇంకేదో కాగితం పళ్లెంలో వేసి లెక్కలో ఉండేది. లెక్క ఆపితే ఆ కాగితం పాడవుతుంది. అందుకని పెదాలతో అంకెలు తిప్పుకుంటూనే చీకటి గది నల్ల తెర తోసుకుని వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ స్టూలు మీద సగం కూర్చుని, నేను "కదలకు" అనేలోపు లేచి లోపలికి పోయేది. రీలు చివరి ఫోటోల్లో ఆమె ఎప్పుడూ కదిలిపోయే ఉండేది. మన స్టూడియోలో కదిలిన ఫోటో ఇవ్వరని నాకు ఊళ్లో పేరు. ఆ పేరు ఇంట్లో కూడా నిలబెట్టుకున్నాను. వాటిని కాగితం మీదికి ఎక్కించకుండా ఆ నెగటివ్ ముక్కలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పడేశాను. తర్వాత రంగుల రీళ్లు వచ్చాయి, కడగడానికి పట్నం పంపడం మొదలైంది, చీకటి గదిలోకి జిరాక్స్ మిషన్ వచ్చింది. ఆమె అక్కడే కుర్చీ వేసుకుని కాగితాలు కూడా లాభం అనే మొదలుపెట్టి లెక్కపెట్టేది.

మా వైపు మనిషి పోతే పదకొండో రోజుకల్లా పెద్ద ఫోటో కట్టించి దండ వేయాలి. ఆ పని మా ఊళ్లో చాలా ఇళ్లకు నేనే చేశాను. ఫోటోనే లేని ముసలివాళ్లు పోతే, పోయాకే తీయమని పిలిచేవాళ్లు. గోడకు ఆనించి కూర్చోబెడతారు. తీసుకొచ్చి, సన్న కుంచెతో మూసిన కళ్లను తెరిచినట్టు దిద్దుతాను. అంత బుద్ధిగా కూర్చునే కస్టమర్లు ఇంకెవరూ ఉండరు. ఆ ఫోటోలు ఒక్కటీ కదిలేది కాదు.

ముందటేడు శివరాత్రి వెళ్లిన వారానికి మా ఇంటామె పోయింది. రెండు రోజులు దవాఖానలో ఉంది, మూడో రోజు లేదు. గుండె అన్నారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వాకిలి వెలుతురు ఎడమ చెంప మీద బాగా పడుతోంది, కుడివైపు ఎవరైనా ఒక తెల్ల గుడ్డ పట్టుకుంటే ఇంకా బాగుంటుంది అనుకున్నాను. సిగ్గు కూడా పడలేదు. పన్ను పీకించుకున్న రోజున చెంప ఎలా ఉంటుందో అలా ఉంది ఒళ్లంతా. అది నాదేనని తెలుసు, గిల్లితే తెలియదు. రావిర్యాల దగ్గర కంపెనీలో పనిచేసే మా బామ్మర్ది, ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు, నా రెండు భుజాలు పట్టుకుని కుదిపాడు. "బావా, ఒక్కపారన్న ఏడ్వరాదే. గట్ల కూసుంటె నాకు భయమైతుంది" అన్నాడు. ఏడుద్దామనే చూశాను. రాలేదు.

ఫోటో కూడా చేయలేదు. మా అమ్మాయి తన ఫోనులో ఉన్నవాటిలోంచి ఒకటి ఏరి నాకు పంపింది. ఏదో పెళ్లిలో పట్టుచీర కట్టుకుని నిటారుగా నిలబడ్డ ఫోటో. పక్కవాళ్లను కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, కొంచెం పెద్దది చేస్తే అయిపోయేది. నాకు అరగంట పని. పదకొండో రోజుకు చేయలేకపోయాను. ఫోటో ఉండాల్సిన చోట ఆమె చీర మడిచి పెట్టి, దాని ముందు దీపం వెలిగించారు. వచ్చినవాళ్లు చీర వంక, నా వంక చూశారు. నెల మాసికం నాడు, మూడో నెలలో, ఆరో నెలలో అదే చీర. ఒక్క మా అమ్మాయి మాత్రం వదల్లేదు. "యాడాదికన్న ఉండాలె బాపూ. నువ్వు జెయ్యకుంటె నేను బయట చేపిస్త. కాని నువ్వు జేస్తేనే మంచిగుంటది" అంది. "జేస్త" అన్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫోటో తెరిచి, మూసి, లేచేవాణ్ని. అలా ఎన్నిసార్లు కూర్చున్నానో నాకే లెక్కలేదు.

దసరా తర్వాత మా అమ్మాయి స్టూడియోకు తాళం వేయించి నన్ను మీర్‌పేట్‌లో తన ఇంటికి తీసుకుపోయింది. ఇల్లు చిన్నది. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు పోతే నేను సోఫాలో కూర్చుని ఎదురింటి వాళ్ల నీళ్ల ట్యాంకు నిండి పొర్లడం చూసేవాణ్ని. మా అల్లుడిది రాజమండ్రి వైపు. నాగోలు దగ్గర పొద్దుటి డ్యూటీ, తెల్లవారకముందే బయల్దేరేవాడు. ఒకరోజు బండి తాళాలు తీసుకుంటూ, "ఖాళీగా కూర్చుంటే ఏం తోస్తుంది మామయ్యగారూ, రండి, మూసీ దగ్గర దింపుతాను. తిరిగి బస్సులో రావచ్చు. కెమెరా కూడా పట్టుకోండి" అన్నాడు. గోదావరి గట్టున పుట్టినవాడు కాబట్టి మూసీని నది అనడానికి అతనికి నోరు రాదు. ఎప్పుడూ మూసీ అనే అంటాడు, ఎవరో దూరపు చుట్టం పేరు చెప్పినట్టు.

నేను ముప్పై ఏళ్లకు పైగా మనుషుల ముఖాలే తీశాను. నీళ్లను ఎప్పుడూ తీయలేదు. ఆ పొద్దు వంతెన పక్కన మట్టి దారిలో దిగి చూస్తే నలుగురైదుగురు కుర్రవాళ్లు స్టాండ్లు వేసుకుని నిలబడి ఉన్నారు. కెమెరా కన్నుకు నల్ల అద్దం తగిలించి, నిమిషాల తరబడి తెరిచి ఉంచుతున్నారు. అంతసేపు తెరిచి ఉంచితే కదిలేదేదీ ఫోటోలో నిలవదు. నిలబడి ఉన్నదే నిలుస్తుంది. నురగ తేలుతూ, గుర్రపుడెక్క కొట్టుకొస్తూ, ముక్కు మూసుకోవాల్సిన ఆ నీళ్లు ఫోటోలో పాల మీగడలా వచ్చాయి. వంతెన మీద పోయే బస్సులు లేవు, నడకకు వచ్చినవాళ్లు లేరు, ఒడ్డున మేసే బర్రెలు లేవు. స్తంభాలున్నాయి, తెల్లటి నీళ్లున్నాయి, అంతే. నాకది నచ్చింది. నచ్చింది అనడం కూడా ఎక్కువే, ఆ రోజుల్లో నాకేదీ నచ్చేది కాదు. దాన్ని చూస్తుంటే నాకేమీ అనిపించలేదు, అది చాలనిపించింది. వారంలో నేనూ ఒక నల్ల అద్దం తెచ్చుకున్నాను. రోజూ అల్లుడి బండి ఎక్కి, అదే చోట స్టాండు వేసి, తీగ చివరి బటన్ నొక్కి పట్టుకుని నిలబడేవాణ్ని. కుర్రవాళ్లు ఫోనులో టైమర్ పెట్టుకునేవాళ్లు. నేను మనసులో లెక్కపెట్టుకునేవాణ్ని. సూర్యుడు పైకి వచ్చాక స్టాండు ముడిచి ఇంటికి పోయి, ఎదురింటి ట్యాంకు ముందు కూర్చునేవాణ్ని.

ఒకటే చిక్కు. నా ఫోటోలన్నీ ఉండాల్సినదానికంటే కొంచెం తెల్లగా వస్తున్నాయి. నల్ల అద్దం నాసిరకం అనుకున్నాను. కెమెరాకు వయసైపోయింది అనుకున్నాను. ఒక ఆదివారం అల్లుడికి డ్యూటీ లేదు, అయినా నాతో వచ్చి టీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఎంతసేపు తెరిచి ఉంచుతారని అడిగితే నాలుగు నిమిషాలు, రెండు వందల నలభై అని చెప్పాను. నేను బటన్ నొక్కాను. వదిలేసరికి అతను ఫోను చూస్తున్నాడు. "మామయ్యగారూ, నాలుగు కాదండీ. ఐదు నిమిషాల పన్నెండు సెకన్లయింది" అన్నాడు. నన్ను చిన్నబుచ్చుతున్నానేమోనని, "మీ లెక్క కాస్త నిదానంగా ఉందండీ, అంతే" అని సర్దిచెప్పాడు.

మళ్లీ పెట్టాను. అప్పుడు నా నోరు నేను విన్నాను. నేను లాభం అని మొదలుపెడుతున్నాను. అంకె అంకెకూ కుంచం నిండి ఒలికేంత ఆగుతున్నాను. రెండు నెలలుగా రోజూ పొద్దున అదే చేస్తున్నాను, తెలియలేదు. అల్లుడు, "ఏమైందండీ?" అన్నాడు. ఏం లేదన్నాను. నిజంగానే ఏం లేదు. చెంప మీద ఎవరో వేలు పెట్టినట్టు తెలిసింది, నొప్పి మాత్రం తెలియలేదు. మర్నాడు అతను నా ఫోనులో టైమర్ పెట్టించాడు. ఫోటోలు సరిగ్గా వచ్చాయి. టైమర్ తన పని తాను చేసుకుంటుంటే నా నోటికి పనిలేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పరాయి ఇంట్లో నిలబడ్డట్టు నిలబడ్డాను. మూడు రోజులు చూసి టైమర్ తీసేశాను. ఒక చీటీ మీద కొత్త అంకెలు రాసుకున్నాను. గడియారం నాలుగు నిమిషాలకు ఆమె నూట ఎనభై ఐదు. ఆ అంకెతో మళ్లీ మొదలుపెట్టాను.

నాగోలు దగ్గర మూసీ ఒడ్డున గడ్డి మళ్లున్నాయి. ఆ నీళ్లతోనే పెంచి, తెల్లవారుజామునే కోసి, కట్టలు కట్టి, బర్రెలున్నవాళ్లకు పంపుతారు. నేను స్టాండు వేసే చోటికి పది అడుగుల దూరంలోనే కట్టలు ట్రాలీకి ఎక్కిస్తారు. అక్కడ పనిచేసే ఆమెకు నా వయసే ఉంటుంది. మోకాళ్ల దాకా బురద, తలకు తువ్వాల. రోజూ చూసేవాణ్ని, ఎప్పుడూ పలకరించుకోలేదు. మా ఇంటామె పోయి పది నెలలు నిండిన ఒక చలి పొద్దున నేను బటన్ నొక్కి లెక్కలో అరవైల్లోనో డెబ్భైల్లోనో ఉన్నాను. ఆమె కట్టలు విసురుతూ పైకి లెక్క మొదలుపెట్టింది. "లాభం... రెండు... మూడు..." అంది. రోజూ మనసులోనే లెక్కపెట్టుకునేదేమో, నాకెప్పుడూ వినిపించలేదు. నా అంకెలు ఆమె అంకెల్లో కలిసిపోయాయి. ఎక్కడున్నానో తెలియలేదు. ఎర్ర బల్బు లేదు, మందు వాసన లేదు, ఎదురుగా తెల్లవారుతోంది. నేను మాత్రం బొమ్మ తేలేదాకా కాచుకున్నట్టు అలాగే బటన్ నొక్కి నిలబడిపోయాను. సూర్యుడు వంతెన మీదికి వచ్చి కెమెరా కంట్లోకి సూటిగా కొడుతున్నా వదల్లేదు.

ట్రాలీ నిండాక ఆమె చేతులు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఏందన్నా, గట్ల నిలవడ్డవ్? పానం మంచిగున్నదా?" అంది.

"లెక్క తప్పింది" అన్నాను.

"తప్పితె మల్ల మొదలువెట్టు. మూసీ యాడికి పోతది?" అని, నా ముఖం చూసి ఆగింది. "ఎవలన్న పోయిండ్రా?"

"నా పెండ్లాం" అన్నాను. అప్పటిదాకా ఆ మాట నా నోటితో ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. అందరికీ ముందే తెలుసు.

"ఎన్నొద్దులాయె?"

"పది నెలలు."

ఆమె ఒకసారి నీళ్ల వంక చూసింది, ఒకసారి కెమెరా వంక చూసింది. "పది నెలలకెల్లి గీ మురికినీళ్లనా దీస్తున్నవ్? ఏదీ, ఆమె ఫోటో జూపియ్" అంది. ఫోనులో మా అమ్మాయి పంపిన ఫోటో తీసి చూపించాను. తడి వేళ్లు తువ్వాలకు తుడుచుకుని ఫోను అందుకుని చాలాసేపు చూసింది. "మంచిగున్నది. ఎవలో నిలవడుమంటె నిలవడ్డట్టున్నది గని" అని ఫోను నా చేతిలో పెట్టి, ట్రాలీ వైపు నడుస్తూ, "చాయ్ తాగు పో అన్నా, చలికి బిర్రబిగిసినవ్" అంది. నేను బటన్ వదిలింది అప్పుడే. పదకొండు నిమిషాలైంది. ఫోటో మొత్తం తెల్లగా వచ్చింది.

ఆ రోజు మీర్‌పేట్ పోలేదు. స్టాండు చంకన పెట్టుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. స్టూడియో తాళం తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. లోపల జిరాక్స్ మిషన్ మీద దుమ్ము, కుర్చీ మీద ఆమె మెత్త. బిస్కెట్ డబ్బా పై అరలోనే ఉంది. ఫోను తెరను తెల్లగా వెలిగించి, దాని మీద ఒక్కొక్క నెగటివ్ పెట్టి, కెమెరాతో తీసి కంప్యూటర్‌లో తిరగేసి చూశాను. నలభైకి పైగా ఉన్నాయి. పెళ్లయిన కొత్తలోవి, అమ్మాయి కడుపులో ఉన్నప్పటివి, ముఖం కొంచెం నిండాక తీసినవి. అన్నీ కదిలినవే. కొన్నింట్లో చెయ్యి రెండుగా వచ్చింది, కొన్నింట్లో స్టూలు బాగా వచ్చి ఆమె సగమే వచ్చింది. ఒకదాంట్లో అప్పుడే తెర తోసుకుని వచ్చింది, కొంగు తడిసి ఉంది, తల నా వైపు తిరుగుతోంది, నోరు ఏదో అంకె దగ్గర ఉంది. ఏ అంకెనో చదువుదామని పెద్దది చేసి చేసి చూశాను. తెలియలేదు. నుదురు రెండుగా, కళ్లు నాలుగుగా ఉన్నాయి. అయినా చూడగానే ఆమెనే. లోపల కాగితం మాడిపోతోంది, తొందరగా కానియ్యి అంటున్నట్టే ఉంది. ఒకవేళ ఈ ఫోటోను ఎవరైనా కస్టమర్ కోసం తీసి ఉంటే వాళ్లకు క్షమాపణ చెప్పి మళ్లీ తీసేవాణ్ని.

సంవత్సరీకం నాటికి దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, మీర్‌పేట్‌లో గోడకు నేనే మేకు కొట్టి తగిలించాను. మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి చూసి అక్కడే నిలబడిపోయింది. "బయట చేపియ్యకపోతిని, మంచిదైంది" అని మళ్లీ వంటింట్లోకి పోయింది. లోపలి నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి చూసి పక్కకు జరిగారు. మా బామ్మర్ది మాత్రం ఆగలేదు. "గిదేంది బావా? ఊరందరికి మంచిగ దీసిస్తివి, అక్కకు గిట్లనా? మొకం కదిలింది గద" అన్నాడు.

"కదలనియ్" అన్నాను.

అతనికి నచ్చలేదు, కానీ తమ్ముడు కాబట్టి బొట్టు పెట్టాల్సింది అతనే అని అందరూ ముందుకు తోశారు. కుంకుమలో రెండు చుక్కల నీళ్లు కలిపి, వేలికి అద్దుకుని, కుర్చీ ఎక్కి ఫోటో అద్దం దగ్గరికి పోయాడు. వేలు గాలిలో ఆగింది. కొంచెం ఎడమకు జరిపాడు, కొంచెం కుడికి జరిపాడు. అద్దంలో నుదురు ఒక చోట లేదు. ఎర్రటి నీళ్లు అతని వేలి మీది నుంచి మణికట్టు దాకా కారాయి. వెనక్కి తిరిగి, చిన్నపిల్లాడి గొంతుతో, "యాడ వెట్టాలె బావా?" అని అడిగాడు.

చూపిద్దామని లేచాను. ఎన్నో ఇళ్లలో ఎందరికో చూపించిన పనే. చెయ్యి ఎత్తాను, నాకూ తెలియలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు. పెద్దగా, పద్ధతి లేకుండా, పంతులుగారు మంత్రం ఆపేసేంతగా వచ్చింది. మా బామ్మర్ది కుర్చీ దిగి నన్ను పట్టుకున్నాడు, నా చొక్కా అంతా కుంకుమైంది, అతనూ ఏడ్చాడు. అల్లుడు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. ఆఖరికి మా అమ్మాయి వచ్చి, కుర్చీ ఎక్కి, రెండు నుదుళ్ల మధ్య కనిపించిన చోట బొట్టు పెట్టి దిగింది. అది సరైన చోటో కాదో నేను ఇప్పటికీ చెప్పలేను. ఆ ఫోటో తీయడానికి కెమెరాకు పట్టింది సెకనులో ముప్పయ్యో వంతు. అంతలోనే ఆమె కదిలింది. నాకు ఏడాది పట్టింది.